రెండో చెవిపోగు

దొంగతనం జరిగిన చోట జనం గుసగుసలాడుకుంటారు, లేకపోతే గోల చేస్తారు. భువనగిరి చేనేత సంఘం హాల్లో ఆ మధ్యాహ్నం జనం పుస్తకాలు చదువుకుంటున్నారు.

డిటెక్టివ్ గండయ్య గుమ్మంలో నిలబడి వాళ్లను చూశాడు. తలుపు దగ్గర పోలీసు ఉన్నాడు. ఎవరూ బయటికి వెళ్లడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టర్ గట్టిగా చెప్పాడు. అయినా గోడకు ఆనుకుని ఒకాయన, కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని ఇంకొకాయన, చాపల మీద బోర్లా పడుకుని నలుగురైదుగురు పెద్దమనుషులు, పెదవులు కదుపుతూ వేరే ఏదో లోకంలో ఉన్నారు. తలుపులు వేసినందుకు వాళ్లకేం కోపం లేదు. ఇంటికి వెళ్లక తప్పదనే బెంగ కాసేపు వాయిదా పడిందన్న సంతోషమే వాళ్ల ముఖాల్లో కనిపించింది.

వాళ్లంతా 'మబ్బుల దొర' పాఠకులు. మద్రాసు నుంచి నెలకోసారి వచ్చే బొమ్మల కథల పుస్తకం అది. నలుపు, ఎరుపు, రెండే రంగులు. అందులో దొర మబ్బు మీద కూర్చుని ఊళ్ల మీదుగా సాగిపోతుంటాడు. ఎక్కడ అన్యాయం కనిపిస్తే అక్కడ మబ్బును ఆపుతాడు. కొత్త సంచిక వచ్చిన రోజున స్టేషన్లో పార్సిల్ గుమస్తా బాలస్వామి కట్ట విప్పుతుంటే అందరూ చుట్టూ చేరతారు. ముందు సిరా వాసన చూడాలి. తర్వాత కొన్నవాడు పైకి చదవాలి, కొనలేనివాడు వినాలి. చివరి పేజీ మాత్రం పైకి చదవకూడదు, ఎవరి కళ్లతో వాళ్లే చూసుకోవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఇంతవరకూ ఎవరూ తప్పలేదు.

పాఠకులందరినీ ఒకచోట చేర్చి మేళా పెట్టాలన్న ఆలోచన కూడా బాలస్వామిదే. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, మేళ్లచెరువు నుంచి జనం వచ్చారు. కొందరు గొంగడిని దొర ఉత్తరీయంలా మెడకింద ముడి వేసుకుని మరీ వచ్చారు. పొద్దుటి నుంచి పాత సంచికలు మార్చుకుంటూ, ఏ పోరాటం ఏ సంచికలో జరిగిందో వాదించుకుంటూ, పిల్లలకంటే పెద్దలే ఎక్కువ పిల్లలైపోయారు.

గండయ్య సంగతి కూడా చెప్పేయాలి. నల్లగొండలో అతని ఆఫీసుకు వచ్చినవాళ్లు బల్ల మీది లావుపాటి ఫైలును చూసి ఎన్ని హత్యలున్నాయో అని జంకుతారు. అందులో ఉండేవి 'మబ్బుల దొర' పాత సంచికలు. ఈ రోజు కేసు పని మీద భువనగిరి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చాడు. దొర ఇంద్రధనుస్సు లోపలికి వెళ్లిన సంచిక ఒక్కటి అతని దగ్గర లేదు. అది పాలమూరు పాఠకుడి దగ్గర కనిపించింది, మార్పిడి కుదిరింది, అందుకోవడానికి చేయి చాచాడు. సరిగ్గా అప్పుడే వేదిక దగ్గర కేక వినిపించింది.

"గీయన మన దొర గాదు! రెండు చెవులకు పోగులున్నయి!"

ఇంట్లో చెప్పిన అబద్ధం నిజమై ఎదురొచ్చింది. డిటెక్టివ్‌లకు ఇలాంటి శిక్షలు అప్పుడప్పుడూ పడుతుంటాయి.

వేదిక మీద తాళమున్న అద్దాల పెట్టె ఒకటి ఉంది. వచ్చే నెల సంచికలోని చివరి బొమ్మను మద్రాసువాళ్లు మేళా కోసమని పంపారట. అచ్చు కాకముందు, చిత్రకారుడు చేత్తో వేసిన అసలు బొమ్మ. పొద్దున బాలస్వామి పైనున్న గుడ్డ తీసినప్పుడు హాలంతా మూగబోయింది. పేజీ మొత్తానికి ఒకే బొమ్మ. దొర మబ్బు మీద నిలబడి రెండు చేతులూ చాచి ఉన్నాడు. నడుము నుంచి కిందికి అతని ఒళ్లు వాన చినుకులుగా మారిపోతోంది. కథ అక్కడితో ముగిసిపోతుంది. మూలన చిత్రకారుడి గుర్తుగా చిన్న మబ్బు తునక ఉంది. ఆ చిత్రకారుడు ఎవరో, ఎలా ఉంటాడో ఇంతవరకూ ఏ పాఠకుడికీ తెలియదు.

ఆ బొమ్మ సాయంత్రం బండికి తిరిగి మద్రాసు వెళ్లాలి. ఇప్పుడు అది లేదు. దాని స్థానంలో ఎవరో వేసిన నకలు ఉంది.

కేక వేసింది ఐలేశం. కేతేపల్లి గొర్రెల కాపరి, పాతికేళ్లు దాటిన మనిషి. బందోబస్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ కాటమయ్య మొదట పట్టుకున్నది కూడా అతన్నే. వేదిక పక్కన నూలు కట్టలు పెట్టే గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర కానిస్టేబుల్‌ను నిలబెట్టాడు.

గండయ్య లోపలికి వెళ్లేసరికి ఐలేశం నూలు కట్ట మీద ముడుచుకుని కూర్చున్నాడు. అతని ఎడమ చెవికి పోగు ఉంది. కుడి చెవిది ఉత్త తూటు.

"రెండో పోగేదయ్యా?" అడిగాడు గండయ్య.

"తీసిపెట్టిన సారు. దొరకు ఒక్కటే గద. మా అమ్మ బీరమ్మ నెల దినాలు నాతోని మాట్లాడలే."

"నువ్వు కాపలా ఎప్పుడు కూసున్నవ్?"

"బువ్వలు తిన్నంక. గంతకుముందు పెట్టెమీద గుడ్డ కప్పి బాలస్వామి సారే తాళమేసిండు, ఎండకు రంగు పోతదని. బువ్వలైనంక నన్ను పిలిచి తాళంచెవి చేతుల పెట్టి కూసోమన్నడు."

"మధ్యల ఎవరన్న వచ్చిన్రా?"

"ఎవ్వరు రాలే సారు. నాకే పాణం ఆగక ఒక్కసారి చూద్దమని గుడ్డ లేపిన. చూస్తే గిట్లున్నది."

"పొద్దున గుడ్డ తీసినప్పుడు నువ్వు అందరిముందట ఏడ్చినవు గద. ఎందుకు?"

ఐలేశం తల వంచుకున్నాడు. "ఏడ్చిన సారు. ఎందుకంటే, మా దిక్కు..."

మాట పూర్తి కాలేదు. కాటమయ్య గదిలోకి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. అతను ఎప్పుడూ అలాగే వస్తాడు. గండయ్య ఉన్న ప్రతి కేసులోనూ సరిగ్గా నోరు విప్పబోతున్న మనిషి ముందు వచ్చి నిలబడటం అతనికి అలవాటు.

"ఎందుకేంది? దొర చచ్చిపోతున్నడని ఏడ్చిండు. బొమ్మ మద్రాసు చేరకుంటే అచ్చు కాదు. అచ్చు కాకుంటే దొర చావడు. తాళంచెవి ఇతని తానే ఉండె. ఇంకేం గావాలె గండయ్యా నీకు?"

"నాకు తీస్తే ఎక్కడ పెడ్త సారు? అందరి ముందట జేబులన్నీ చూసిన్రు గద," అన్నాడు ఐలేశం. "ఎల్లుండి మందను తోలుకొని కృష్ణ దిక్కు పోవాలె. మా తాన గడ్డిపోస లేదు. నేను లేకుంటే మా అమ్మ ఒక్కతి తోలలేదు. గొర్లన్ని సచ్చిపోతయి."

"సాయంత్రం బండి వచ్చేలోపల బొమ్మ దొరికితే సరే. దొరకకుంటే జీపెక్కుడే," అన్నాడు కాటమయ్య.

గండయ్యకు ఒళ్లు మండింది. నేరుగా వేదిక మీదికి వెళ్లి పెట్టె తెరిపించాడు.

నకలు బాగానే ఉంది. ముక్కు, కళ్లు, చాచిన చేతులు, చినుకులు అన్నీ ఉన్నాయి. బొమ్మ అడుగున నేల. నల్లటి బండలగుట్ట, ఒక తుమ్మచెట్టు, ఎండిన బావి. అయితే అవి కుడివైపు ఉన్నట్టే ఎడమవైపూ ఉన్నాయి. రెండు గుట్టలు, రెండు తుమ్మచెట్లు, రెండు బావులు. పొద్దున చూసినప్పుడు ఒక్కొక్కటే ఉన్నట్టు అతనికి బాగా గుర్తు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు. నట్టనడుమ నిలువునా ఒక మడత గీత కనిపించింది.

"చూసినవా? అంగిల దాచుకునేటందుకు మడిచిండు," అన్నాడు కాటమయ్య వెనక నుంచి.

"అంగిల దాచేటోడు నాలుగు మడతలు పెడతడు సాబ్. ఇంత పొడుగు కాగితం ఒక్క మడతతోని ఏ జేబుల పడతది?"

కాగితం తిప్పి చూశాడు. వెనక ఒకవైపు మాత్రం నున్నగా మెరుస్తోంది. ఏదో గట్టి వస్తువుతో బాగా రుద్దిన మెరుపు. ఆ మెరుపు మీద వేలు పెట్టగానే గండయ్యకు భువనగిరి హాలు కాసేపు దూరమైంది.

అతని తల్లి మగ్గం పక్కన కూర్చుని రుమాళ్లకు నమూనాలు గీసేది. చిట్కీ పని వాళ్లది. నూలును ముడులు కట్టి రంగులో ముంచి, ముడి విప్పితే పువ్వో, ఏనుగో బయటపడే పని. బొమ్మను ఆమె ఎప్పుడూ సగమే గీసేది. బొగ్గుతో సగం గీసి, కాగితం నడుమకు మడిచి, వెనక గవ్వతో రుద్దేది. మడత విప్పితే రెండో సగం దానంతటదే వచ్చి ఉండేది. చిన్నప్పుడు గండయ్య ఆ సగం కాగితం లోపలే నిద్రపోతోందని, అమ్మ గవ్వతో జోకొట్టి లేపుతోందని అనుకునేవాడు. దాని కోసం ఎన్ని మధ్యాహ్నాలు ఆట మానుకుని కూర్చున్నాడో చెప్పలేడు. ఇప్పటికీ ఆ మడత విప్పే క్షణం తలచుకుంటే అతనికి ఊపిరి ఆగినట్టుంటుంది.

"ఏంది, నిలబడే నిద్రపోతున్నవా?" అన్నాడు కాటమయ్య.

"లేదు సాబ్. ఇది వేసినోళ్లు రుమాళ్ల నమూనా గీసేటోళ్లు. సగం గీసి మడిచి రుద్దిన్రు. పోగున్న సగం గీసిన్రు గనుక రెండో చెవికి గూడ పోగు పడ్డది. గుట్ట, చెట్టు, బాయి రెండయినయి. ఐలేశం గొర్రెలు కాస్తడు. గీ పని అతనికి రాదు."

"ఎవరితోనో గీయించిండు. దొంగే 'దొంగ దొంగ' అని అరిచిండు."

"అరవకుంటే ఎవరికి తెలుస్తుండె? మీరే దగ్గరుండి రైలెక్కిస్తుంటిరి. దొంగతనం బాగనే సాగిపోతుంటే నడుమ లేచి తనను తాను పట్టిచ్చుకునే దొంగను మీ సర్వీసుల ఎప్పుడన్న చూసిన్రా?"

కాటమయ్య ముఖం ఎర్రబడింది. "నాకు ఈ పిల్లల బొమ్మల సంగతి తెల్వదు. నేను చదవను. నాకు తెలిసింది సాక్ష్యం. నకలు కొట్టినోడు ఎవడైనా గానీ, రెండో పోగు మొదటి సంచికలనే కృష్ణల పడిపోయిందని గింత తెల్వకుండ..."

అతను ఆగిపోయాడు. కిటికీ గట్టు మీద చదువుతున్న ఆయన పేజీ తిప్పిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"మొదటి సంచిక ఇప్పుడు ఎక్కడ గూడ దొరకదు సాబ్," అన్నాడు గండయ్య నెమ్మదిగా. "నేను మూడేండ్లు దేవులాడిన."

కాటమయ్య టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "బండి వచ్చేదాక టైమిస్తున్న. ఐలేశంను నీ జిమ్మాల తీస్కపో. పారిపోతే నిన్ను ఎక్కిస్త జీపు."

హాలు వెనక రేకుల షెడ్డులో రంగు కాగులు, నూలు ఆరవేసే దండేలు ఉన్నాయి. అక్కడ చిట్కీ ముడులు కట్టేది వెంకటనర్సమ్మ. యాభై దాటిన మనిషి. మేళా హడావుడి ఏమీ పట్టనట్టు, కాళ్లు చాపుకుని నూలుకు ముడులు వేసుకుంటోంది. గండయ్యది కూడా సాలోళ్ల ఇల్లే అని రెండు మాటల్లో పోల్చుకుని పీట జరిపింది.

గండయ్య నకలును ఆమె ముందు పరిచాడు. "అక్కా, గిది నీ చేయేనా?"

"నాదే తమ్మీ. ఏం, మంచిగ రాలేదా?"

వెనక నిలబడ్డ ఐలేశం నోరు తెరిచాడు. గండయ్య చేత్తో ఆపాడు.

"మంచిగనే వచ్చింది. చెవిపోగులు రెండు ఎందుకు పెట్టినవు?"

వెంకటనర్సమ్మ కాగితం దగ్గరికి లాక్కుని చూసింది. "నేనెక్కడ పెట్టిన? నేను గీసింది గీ సగమే. గా సగం మడతల పడ్డదే. చెవులు రెండున్నప్పుడు పోగులు రెండుండవా? నాకేం తెలుసు తమ్మీ, నేను గా పుస్తకాలు సదువుతనా?"

"ఎవరు గీయమన్నరు?"

"బాలస్వామి సారు. మద్రాసుల బొమ్మలేసే ఆయనకు మనూరి గుర్తుగ రుమాలు నేసి పంపుదమన్నడు. బువ్వల యాళ్లకు బొమ్మ తెచ్చిండు. నేను చూసుకుంట నమూనా గీసిన. రెండు పట్కపోయిండు, నమూనా మల్లిస్తనని."

"బొమ్మ ముట్టుకున్నవా?"

"కొలత చూస్తందుకు ముట్టిన. ఇగో, పాపం నా కొంగు గూడ ఖరాబైంది." ఆమె కొంగు అంచు చూపించింది. వేలు తుడుచుకున్న ఎర్రటి మరక. "ఎరుపు ఇంక ఆరనేలేదు. బంకబంకగ చేతికంటింది. మా కాగు రంగేమో అనుకున్న. నీళ్లు తగిలితె సగం పోయింది. మా ఎరుపు నీళ్లకు పోదు గద."

గండయ్య ఆ మరకను చూస్తూ ఉండిపోయాడు. మద్రాసు నుంచి ఇక్కడికి రావాలంటే రైల్లో ఒక రాత్రి, ఒక పగలు తక్కువ కాదు. దారంతా ఎండ. అలా వచ్చిన బొమ్మ మీద రంగు ఇంకా తడిగా ఉందంటే, ఆ బొమ్మ అంత దూరం నుంచి రాలేదు.

బండలగుట్ట, తుమ్మచెట్టు, ఎండిన బావి. మద్రాసులో కూర్చున్న మనిషికి ఆ మూడూ పక్కపక్కనే ఉంటాయని ఎలా తెలిసింది? ఇన్నేళ్లుగా దొర మబ్బు కింద సాగిపోయిన గుట్టలన్నీ ఒక్కొక్కటే అతని కళ్ల ముందు తేలుతూ వెళ్లాయి. పండుకున్న ఏనుగులాంటి ఒంటిరాతి గుట్ట మీద దొర ఎన్నిసార్లు మబ్బును ఆపలేదు? ఆ రాయి భువనగిరి గుట్టే, ఈ షెడ్డులోంచి తల ఎత్తితే కనిపిస్తోంది. పైన కోటగోడ లేకుండా గీశారు, అంతే. ఇన్ని సంచికలు చదివి, దీన్ని గుర్తుపట్టని తనను తాను తిట్టుకున్నాడు.

"పా ఐలేశం, స్టేషన్‌కు," అన్నాడు.

పార్సిల్ ఆఫీసులో బాలస్వామి ఒక్కడే ఉన్నాడు. సాయంత్రం బండి పని ఉందని కాటమయ్య అతన్ని మాత్రం హాల్లోంచి వదిలాడు. బక్కపలచని మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. గోడకు వరసగా మేకులు, ప్రతి మేకుకూ విప్పిన పార్సిళ్ల పురికొస ముక్కలు చుట్టి తగిలించి ఉన్నాయి. ఐలేశంను చూడగానే లేచి నిలబడ్డాడు.

"వదిలిపెట్టిన్రా?"

"బండి వచ్చేదాకనే," అన్నాడు గండయ్య. "సారూ, మద్రాసు నుంచి బొమ్మ ఎట్ల వచ్చింది?"

"పార్సిల్ల వచ్చింది. గొట్టం లెక్క చుట్టి పంపిన్రు."

"చుట్టిన కాగితం అంచులు లేస్తయి. పొద్దున అద్దం కింద బొమ్మ పలక లెక్క పండుకున్నది. ఆ పార్సిల్ మీది గుడ్డ, పురికొస ఏవి?"

"పారేసిన."

గండయ్య మేకుల వైపు చూశాడు. బాలస్వామి కూడా చూశాడు. బెత్తెడు పురికొస పారేయలేని మనిషి పార్సిల్ గుడ్డ పారేశానంటే గోడలు కూడా నమ్మవు.

"వెంకటనర్సమ్మ కొంగుకు ఎరుపు అంటింది సారు. నీ చేయి చూపియ్యి."

బాలస్వామి కుడి చేయి బల్ల కిందికి లాక్కున్నాడు. తర్వాత, ఇక లాభం లేదన్నట్టు, బల్ల మీద పెట్టాడు. బొటనవేలి గోరు చుట్టూ సన్నటి ఎర్ర గీత ఉంది.

"పొద్దుగాల్ల గీసిన," అన్నాడు. "జిగురు ఎక్కువైంది. ఆరలే."

గండయ్య తెలిసే వచ్చాడు. అయినా ఆ మాట వినగానే అతని గుండె చిన్నపిల్లాడి గుండెలా కొట్టుకుంది. ఇన్నేళ్లుగా మబ్బులు నడిపిన మనిషి, చిరిగిన మోచేతి చొక్కాతో, పార్సిళ్లు తూచే కాటా పక్కన నిలబడి ఉన్నాడు. కాళ్ల మీద పడాలనిపించింది. అదే సమయంలో చెంప పగలగొట్టాలనిపించింది.

"మరి ఐలేశంను పట్టుకున్నప్పుడు నోరెందుకు తెరవలే?"

"రెండుసార్లు లేచిన సారు. అందరు మద్రాసు, మద్రాసు అనుకుంట కళ్లు మెరిపిస్తున్నరు. మబ్బులు మద్రాసు నుంచి వస్తేనే మబ్బులు. పార్సిల్ ఆఫీసుల నుంచి వస్తే ఎవరు నమ్ముతరు? జీపెక్కిస్తే మాత్రం చెప్తుంటి. నా తల్లి తోడు, చెప్తుంటి."

"బొమ్మ ఎందుకు తీసినవు?"

బాలస్వామి తూకం పుస్తకాల కింది నుంచి ఒక అట్ట తీశాడు. దాని మీద బొమ్మ ఉంది. ఒకే పోగు, ఒకే గుట్ట, ఒకే తుమ్మచెట్టు. "కథ ముగించమని మద్రాసోళ్లు రాసిన్రు. ముగించిన. మనోళ్లు ముందుగాల చూడాలెనని పెట్టెల పెట్టిన. గుడ్డ తీస్తనే గీ ఐలేశం ఏడ్చిండు. అట్ల ఏడ్చుడు నేనెన్నడు చూడలే. గప్పుడు తెలిసింది నాకు, దొరను నేను సంపిన్నని. బొమ్మ రైలెక్కకుంటే దొర ఇంక ఉన్నట్టే గద అనిపించింది."

"నకలు నువ్వే వేసుకోవచ్చు గద?"

"కూసున్న సారు. కలం పట్టిన. ఒకసారి సంపిన చేయి రెండోసారి లేవలే. రుమాలు కోసం గీయించిన నమూనా పక్కనే ఉండె, పెట్టేసిన. రెండో పోగు నాకు కనబడనేలేదు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా దొరకు ఒక్కటే పోగని నేనే మర్చిపోయిన. గీ పిలగానికి యాదున్నది."

ఐలేశం బాలస్వామి ముఖాన్ని, బొమ్మను, మళ్లీ ముఖాన్ని చూస్తున్నాడు.

"నువ్వేనా సారు?" అన్నాడు చివరికి. "కట్ట విప్పేటప్పుడు నీకు అన్ని ముందే తెలుసా? మాతోని నిలబడి, ఏమైతదో ఏమైతదో అని నువ్వు గూడ అంటుంటివి గద!"

"నాకు గూడ మీతోని చదువుతెనే తెలుస్తుండె ఐలేశం. నమ్ము."

ఐలేశం బొమ్మ మీదికి వంగాడు. ముట్టుకోకుండా, బావి మీద వేలు ఆడించాడు.

"సారు, నేను దొర సచ్చిండని ఏడ్వలే."

బాలస్వామి తల ఎత్తాడు. గండయ్యకు నూలు గదిలో తెగిపోయిన మాట గుర్తొచ్చింది. కాటమయ్య అడ్డం వచ్చాడు సరే, ఆ తర్వాత తాను మాత్రం మళ్లీ ఎందుకు అడగలేదు? ఏడ్చాడంటే దుఃఖమేనని అందరిలాగే తనూ అనుకున్నాడు.

"మా దిక్కు మూడేండ్లసంది వానల్లేవు," అన్నాడు ఐలేశం. "దొర పుస్తకం చదివినప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తుండె. ఆయన మబ్బు మా మీదికెళ్లే పోతది, ఆగదు. ఎవరెవరి ఊర్లల్లనో దిగుతడు. ఇయ్యాల గుడ్డ తీస్తే కింద మా బండలగుట్ట ఉన్నది. మా ఎండిన బాయి ఉన్నది. దొర చేతులు చాపి దిగుతున్నడు. మా తానికే దిగుతున్నడని పాణం ఆగక ఏడ్చిన. వాన పడుడు సచ్చుడెట్లయితది సారు?"

బాలస్వామి స్టూలు మీద కూలబడ్డాడు. చేతుల్లో ముఖం దాచుకున్నాడు, భుజాలు కదిలిపోతున్నాయి. అది నవ్వో ఏడుపో గండయ్యకు అర్థం కాలేదు. బయట స్టేషన్ గడియారం మోగింది, బండికి ఇంకో గంటే ఉంది.

"బండి యాళ్లయితాంది," అన్నాడు ఐలేశం. "బొమ్మ పంపు సారు. పంపకుంటే నా మీద ఒట్టు. ఇంకో మాట, నువ్వని మనోళ్లకు చెప్పకు. మద్రాసు నుంచే రానీ."

హాల్లో తలుపులు ఇంకా తెరవలేదు. కాటమయ్య అద్దాల పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. గండయ్య బొమ్మను దానిలో పెట్టగానే, చదువుతున్నవాళ్లంతా పుస్తకాలు వదిలి లేచి వచ్చారు. ఒకే పోగు. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

"ఎవడు తీసిండు?" అన్నాడు కాటమయ్య.

గండయ్య నోరు తెరిచేలోపే ఐలేశం ముందుకు వచ్చాడు. "దొరనే తీస్కపోయిండు సారు. దొరనే తెచ్చి పెట్టిండు."

ఎవరో నవ్వారు. జనం వెనక బాలస్వామి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాటమయ్య గండయ్య వైపు తిరిగాడు. "ఇదేనా నీ రిపోర్టు?"

"అక్షరం మార్చేది లేదు సాబ్. సొమ్ము దొరికింది, ఫిర్యాదిచ్చేటోడు లేడు. కావాలంటే సంతకం పెడత."

కాటమయ్య అందరూ ఉన్నారన్న సంగతి మరిచిపోయి, టోపీ తీసి చంకలో పెట్టుకుని పెట్టె మీదికి వంగాడు. అద్దం మీద అతని ఊపిరి మసకగా పరుచుకుంది. మీసాలు అద్దానికి తగిలేంత దగ్గరగా చూసి, గొంతు తగ్గించి, గండయ్యకు మాత్రమే వినిపించేలా అడిగాడు.

"నిజం చెప్పు గండయ్యా. దొర చచ్చిపోయినట్టేనా?"

గండయ్య ఐలేశం వైపు చూపించాడు. "నాకంటే అతనికే బాగ తెలుసు. అతన్నే అడుగుండ్రి."

ఇన్‌స్పెక్టర్ ఖాకీ చొక్కా సర్దుకుని, మధ్యాహ్నం తాను రెక్క పట్టి ఈడ్చిన మనిషి ముందు పిల్లాడిలా నిలబడ్డాడు. ఐలేశం గొంగడి భుజాన వేసుకుంటూ, మందను కృష్ణ దిక్కు తోలాలా, ఇంకో రెండు దినాలు ఆగి చూడాలా అని ఆలోచిస్తున్నవాడిలా కిటికీలోంచి పైకి చూశాడు.

"సచ్చుడేంది సారు," అన్నాడు. "మా ఊరికి వస్తున్నడు."